ప్రాణమైన ఉద్యోగం పూటంతా తినేస్తుంటే: మానాలా, వద్దా తేల్చుకోవడం ఎలా?

నచ్చని ఉద్యోగం మానడానికి ఎవరి సలహా అక్కర్లేదు. ఇంకోటి దొరికిన రోజున మానేస్తారు. చిక్కల్లా నచ్చిన ఉద్యోగంతోనే. పాఠం చెప్పడమంటే ప్రాణం, కానీ సొంత పిల్లాడి నోట్సు తెరిచి చూసి నెలలవుతోంది. రొయ్యల గుంట గట్టు మీద నిలబడితే మనసు కుదుటపడుతుంది, కానీ ఇంట్లో అందరితో కలిసి రాత్రి అన్నం తిన్నది ఎప్పుడో గుర్తుండదు. ఎవరితోనైనా చెప్పుకుంటే "ఇష్టమైన పనే కదా, ఇంకేంది బాధ?" అంటారు. ఇంట్లోనేమో "అంత కష్టమైతే మానెయ్" అంటారు. రెండు మాటలూ మీకు పనికిరావు.

నెల్లూరు, కావలి, కందుకూరు, ఒంగోలు చుట్టుపక్కల ఇలాంటి ఉద్యోగాలు చాలానే ఉన్నాయి. రెసిడెన్షియల్ కాలేజీ లెక్చరర్లు, రొయ్య పిల్లల్ని పెంచే హేచరీల్లో, గుంటల మీద పనిచేసే ఆక్వా టెక్నీషియన్లు, నెల్లూరు పొగతోట ఆస్పత్రుల్లో స్టాఫ్ నర్సులు, చీమకుర్తి క్వారీల సూపర్‌వైజర్లు, మండల విలేకరులు. నేను కొన్నేళ్లు ఒక రెసిడెన్షియల్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి మానేశాను. నా పక్క కుర్చీ మాథ్స్ సారు మానలేదు, ఇప్పటికీ అక్కడే ఉన్నాడు. ఇద్దరం సరిగానే తేల్చుకున్నామని నా నమ్మకం. కాబట్టి మానమనో ఉండమనో చెప్పడం నా ఉద్దేశం కాదు. ఏ క్రమంలో ఆలోచిస్తే మీ జవాబు మీకు దొరుకుతుందో చెబుతాను.

1. సీజన్‌లో ఏదీ తేల్చకండి

జనవరిలో, ఏప్రిల్‌లో జేఈఈ మెయిన్, మార్చిలో ఇంటర్ పరీక్షలు, మేలో ఎంసెట్. పేరు ఈఏపీసెట్ అయినా మనకింకా ఎంసెట్టే. ఈ అయిదు నెలల్లో ఏ లెక్చరర్‌ని అడిగినా మానేస్తాననే అంటారు. అదే జూన్‌లో కొత్త బ్యాచ్ ముందు నిలబడ్డ మొదటి రోజు అడగండి, ఈ ఉద్యోగం వదిలి ఎక్కడికి పోతానంటారు. ఆ రెండు జవాబుల్నీ లెక్కలోకి తీసుకోకూడదు.

ప్రతి పనికీ ఇలాంటి సీజన్ ఒకటుంటుంది. టంగుటూరు, కొండపి, పొదిలి లాంటి చోట్ల పొగాకు వేలం కేంద్రాలను నమ్ముకున్నవాళ్లకు వేలం నడిచే నెలలు. గుంటల మీద ఉండేవాళ్లకు పంట చివరి నెల, దానికి తోడు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా మన జిల్లాలను వదలని వానలు, తుపాన్లు. ఆస్పత్రుల్లో అవే వానల తర్వాత వచ్చే జ్వరాల రోజులు. మీ ఏడాదిలో మరీ ఒత్తిడి లేని, మరీ తీరిక కూడా లేని నెల ఏదో చూసుకోండి. లెక్చరర్లకు ఆగస్టు, సెప్టెంబర్ బాగుంటాయి. గుంటల మీదివాళ్లకు రొయ్య పిల్ల వదిలిన రెండో నెల. క్యాలెండర్ మీద ఆ నెలలో ఒక తేదీకి గుర్తు పెట్టుకుని, అప్పటిదాకా "మానేద్దామా" అనే ఆలోచన వచ్చినప్పుడల్లా ఆ తేదీకి వాయిదా వేయండి.

ఒక్క సందర్భంలో మాత్రం ఆగొద్దు. నైట్ డ్యూటీ దిగి హైవే మీద బండి నడుపుతుంటే కళ్లు మూతపడుతున్నాయా? బీపీ మాత్ర డోసు పెరుగుతూ పోతోందా? డ్యూటీకి బయల్దేరే ముందు గుండెల్లో దడ మొదలవుతోందా? అయితే ముందు డాక్టరు దగ్గరికి వెళ్లండి, మెడికల్ లీవు పెట్టండి. తతిమ్మా సంగతులు తర్వాత.

2. గంటల లెక్క రాయండి

చొక్కా జేబులోనో హ్యాండ్‌బ్యాగులోనో పట్టే చిన్న నోటుపుస్తకం చాలు. రెండు వారాలు రాయండి. ఫోన్ యాప్‌లు వద్దు, వాటిని తెరిస్తే వాట్సాప్ కూడా తెరుచుకుంటుంది. గంట గంటకూ ఏం చేశారో రాసి పక్కన మూడు మాటల్లో ఒకటి పెట్టండి: "ప్రాణం", "తప్పనిది", "అంటగట్టింది". ఈ ఉద్యోగంలో చేరింది దేనికోసమో అది ప్రాణం. అది జరగాలంటే జరగక తప్పని పని, పేపర్లు దిద్దడం లాంటిది, తప్పనిది. ఎవరైనా చేయగలిగినా, కాదనలేరు కదా అని మీ నెత్తిన పెట్టింది అంటగట్టింది.

లెక్చరర్ రోజు ఒకటి తీసుకుందాం. పొద్దున ఆరింటికి స్టడీ అవర్ డ్యూటీ. ఎనిమిదిన్నర నుంచి క్లాసులు, మూడో నాలుగో. మధ్యాహ్నం పేపర్లు దిద్దడం, ఎవరు ఏ ప్రశ్న తప్పు చేశారో ఎర్రర్ లిస్టు తయారుచేయడం. సాయంత్రం మళ్లీ స్టడీ అవర్, తొమ్మిదిదాకా. ఆ తర్వాత తల్లిదండ్రుల ఫోన్లు. ఆదివారం వీకెండ్ టెస్టు. క్లాసులు, పిల్లల డౌట్లు కలిపితే అయిదు గంటలు "ప్రాణం". మిగతా తొమ్మిది గంటల్లో సగానికి పైగా "అంటగట్టింది". స్టడీ అవర్లో పిలకాయలు నిద్రపోకుండా కాపలా కాయడానికి కెమిస్ట్రీ రానక్కర్లేదు.

ఇక అడ్మిషన్ల పని గురించి చెప్పకుండా ఉండలేను. పదో తరగతి పిల్లల ఇళ్ల చుట్టూ తిరగడం పరీక్షలకు ముందే మొదలవుతుంది. పొదలకూరులోనో దర్శిలోనో ఏదో వీధిలో సాయంత్రం ఆరింటికి చెప్పులు విప్పి వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటారు. ఆ ఇంటాయన టీ తెప్పిస్తాడు. మీకంటే ముందే ఇంకో కాలేజీ సారు వచ్చి పోయినట్టు టీవీ పక్కన రంగుల పాంప్లెట్ కనబడుతూనే ఉంటుంది. పిల్లాడు తలుపు చాటు నుంచి తొంగి చూస్తుంటాడు, వాణ్ని ఎవరూ ఏమీ అడగరు. "ఫీజు ఎంత తగ్గిస్తారు సార్?" ఒకటే ప్రశ్న. లేచి వచ్చేటప్పుడు పక్క వీధిలో ఇంకో ఇల్లు ఉందని లిస్టు చూసుకుంటారు. ఆ పూట మీ ఎమ్మెస్సీకీ ఆ కుర్చీకీ ఏ సంబంధమూ ఉండదు. అయినా నెలాఖరు మీటింగులో మీ పాఠం గురించి కాకుండా ఆ లిస్టు గురించే అడుగుతారు.

గుంటల మీది పనిని ఇదే లెక్కతో చూస్తే కథ వేరుగా ఉంటుంది. పగలు నీళ్లలోని నాచు ఎండకు ఆక్సిజన్ తయారుచేస్తుంది. రాత్రి అది కూడా రొయ్యలతో, అడుగు మట్టిలోని బ్యాక్టీరియాతో పోటీపడి ఆక్సిజన్ వాడుకుంటుంది. అందుకే నీళ్లలో ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువుండేది తెల్లవారేముందు. మూడింటికి లేచి మీటరు ముంచి, ఆక్సిజన్ నాలుగు పీపీఎం (లీటరు నీటికి నాలుగు మిల్లీగ్రాములు) కిందికి దిగుతోందేమో చూడాలి. నీళ్లు చిలికే ఎయిరేటర్లు తిరుగుతున్నాయో లేదో చెవితోనే తెలిసిపోతుంది. కరెంటు పోతే జనరేటర్ అందుకోవాలి. పొద్దున మేత చూసే చెక్‌ట్రే పైకి లాగి మేత మిగిలిందా, రొయ్య పేగు నిండుగా ఉందా అని వేళ్లతో పట్టుకుని చూడటం ఈ పనిలోని ఆనందం. ఆ ఆనందమూ ఆ మెలకువా ఒకే పని. ఇక్కడ "అంటగట్టింది" అని రాయడానికి పెద్దగా ఉండదు.

ఈ తేడా బయటపడటం కోసమే ఇంత శ్రమపడి రాయమన్నది. టైము తినేస్తున్నది మీరు ఇష్టపడే పనేనా, లేక దాని చుట్టూ పేరుకున్న వేరే పనా? చాలామంది రెండిటినీ కలిపి "ఉద్యోగం" అంటారు, అందుకే తేల్చుకోలేరు. మొదటి రకమైతే గంటలు తగ్గించడం కష్టం, ఇంకొకరితో పంచుకోవాలి. రెండో రకమైతే, ఇష్టమైన పనిని వదలకుండా ఆ చుట్టూ ఉన్నదాన్ని వదిలించుకోవచ్చా అన్నదే మీ ప్రశ్న. అప్పుడు మానడం అన్నిటికంటే చివర వచ్చే మాట.

ఇంకో రకం గంటలున్నాయి, వాటినీ రాయండి. ఒళ్లు ఇంట్లో ఉంటుంది, చెవి ఫోన్ మీద ఉంటుంది. ఐసీయూ నర్సుకి డ్యూటీ అయిపోయాక వచ్చే "సిస్టర్, ఆ పేషెంట్ ఫైలు ఎక్కడ పెట్టారు?" ఫోన్లు, విలేకరికి రాత్రి పదకొండుకు డెస్కు నుంచి వచ్చే ఫోన్లు. మాట్లాడింది రెండు నిమిషాలే. కానీ ఆ ఫోన్ వస్తుందేమోనని ఎదురుచూసిన పూటంతా ఉద్యోగం ఖాతాలోకే వెళ్లాలి.

3. ఇంట్లో అడిగే ప్రశ్న మార్చండి

"మానేయమంటావా?" అని భార్యనో భర్తనో అడిగితే వచ్చే జవాబు "నీ ఇష్టం". అమ్మానాన్నల్ని అడిగితే "ఊళ్లో ఏమంటారు?". మామగారిని అడగనే వద్దు. దానికి బదులు "ఈ ఏడాదిలో నేను ఉండాల్సింది, లేకపోయింది ఎప్పుడు?" అని అడగండి. అడిగి ఊరుకోండి, సంజాయిషీ చెప్పకండి. మీరనుకున్న రోజుల్ని వాళ్లు చెప్పరు. తమ్ముడి పెళ్లికి ముహూర్తానికి రాకుండా భోజనాల వేళకు వచ్చారని మీరు కుమిలిపోతుంటారు, వాళ్లు దాన్ని మరిచిపోయి ఉంటారు. పాపకు జ్వరమొచ్చి రాత్రి ఆటో దొరకని సంగతి చెబుతారు.

వాళ్లు చెప్పినవన్నీ ఒకే వేళకు చెందినవైతే మీ పని సగం తేలికైనట్టే. అన్నీ రాత్రులే అయితే మీకు కావాల్సింది రాత్రులు, మొత్తం ఉద్యోగం మానడం కాదు. నోటుపుస్తకంలో ఆ వేళ కింద గీత గీసుకోండి, తర్వాతి మెట్టులో దానితోనే పని.

4. మానేముందు అడగండి, అడిగే పద్ధతిలో అడగండి

మన దగ్గర మొహమాటం జాస్తి. ఏళ్ల తరబడి కిమ్మనకుండా చేసి, ఒకరోజు రాజీనామా పేపరు పెట్టేస్తాం. యాజమాన్యం "ఒక్కమాట చెప్పి ఉంటే చూసేవాళ్లం కదా" అంటుంది. అబద్ధమే కావచ్చు. కానీ ఆ మాట అనే అవకాశం వాళ్లకు ముందే ఇచ్చి చూడాలి.

"వర్క్ లోడ్ ఎక్కువగా ఉంది సార్" అని మొదలుపెట్టకండి. దానికి "అందరికీ ఉంది" అనే జవాబు సిద్ధంగా ఉంటుంది. లెక్కలోంచి ఒకటో రెండో "అంటగట్టిన" పనులు తీసుకుని వాటినే అడగండి. ఇలా: "సార్, వచ్చే బ్యాచ్‌కి కూడా రెండు సెక్షన్లూ నేనే తీసుకుంటాను. సాయంత్రం స్టడీ అవర్ వారానికి రెండు రోజులే ఉంచండి. అడ్మిషన్ల పని నాకొద్దు. దానికోసం జీతంలో కొంత తగ్గినా సరే." ఎంత తగ్గినా సరేనో ఇంట్లో కూర్చుని ముందే అనుకుని వెళ్లండి, అక్కడ కూర్చుని లెక్కలు వేయకండి.

గుంటల మీద ఉండేవాళ్లు తగ్గించమని కాకుండా పంచమని అడగాలి. రాత్రి చూపుకి ఇంకో మనిషిని పెట్టి, ఒకరాత్రి మీరు, ఒకరాత్రి ఆయన. రైతు "నువ్వు చూస్తేనే నాకు నమ్మకం" అంటాడు. పొగడ్తే, సంతోషించండి, కానీ ఒప్పుకోకండి. మీటరు రీడింగ్ ఎవరు రాసినా ఒకటే, ఆక్సిజన్ ఎంతకు దిగితే ఏ ఎయిరేటర్ వేయాలో కాగితం మీద రాసి మోటారు షెడ్డు గోడకు అంటిస్తానని చెప్పండి.

ఎప్పుడు అడగాలి? వాళ్లకు మీ అవసరం ఉన్నప్పుడు. లెక్చరర్లయితే టైంటేబుల్ వేయకముందు, మేలో. టెక్నీషియన్లయితే పిల్ల వదలక ముందు. పంట మధ్యలో అడిగితే బెదిరింపులా వినబడుతుంది.

జవాబుల్లో మోసపోయేవి మూడు. ఒకటి "చూద్దాం". దానికి "ఏ తేదీకల్లా చెబుతారు సార్?" అని అక్కడే అడగండి, ఆ తేదీ దాటితే కాదన్నట్టే లెక్క. రెండు, జీతం పెంపు. మీరు గంటలడిగితే వాళ్లు రూపాయలిస్తున్నారు. మంచివే, కానీ అడిగింది అవి కాదని మర్యాదగా గుర్తుచేయండి. మూడోది ప్రమోషన్. క్యాంపస్ ఇన్‌ఛార్జో, నర్సింగ్ ఇన్‌ఛార్జో, డెస్కు ఇన్‌ఛార్జో. మీకు ప్రాణమైన గంటలు తీసేసి అంటగట్టిన గంటలు రెట్టింపు చేసే ఏర్పాటు అది. పేరు మాత్రం పెద్దదిగా ఉంటుంది, చుట్టాలు సంతోషపడతారు.

ఒప్పుకుంటే ఆ మాటను ఒక మెయిల్‌లోనో వాట్సాప్ మెసేజ్‌లోనో పెట్టండి. "ఇవాళ మాట్లాడుకున్న ప్రకారం" అని మొదలుపెట్టి రెండు లైన్లు చాలు.

5. డబ్బు లెక్క

ఇంటి ఖర్చు ఎంతో మీకు తెలుసు, దాని గురించి చెప్పను. ఈఎంఐలతో కలిపి ఆరు నెలల ఖర్చు చేతిలో లేకుండా, ఇంట్లో ఇంకో జీతం కూడా లేకుండా మానొద్దని మాత్రం అంటాను. చాలామంది చూసుకోని సంగతులు వేరే ఉన్నాయి.

గ్రాట్యుటీ. మానేటప్పుడు యాజమాన్యం ఇవ్వాల్సిన సొమ్ము ఇది. 1972 నాటి చట్టంలో ఉన్నట్టే, 2025లో దాని స్థానంలోకి వచ్చిన లేబర్ కోడ్‌లోనూ పదిమంది, అంతకు మించి పనిచేసే చోట అయిదేళ్లు ఆపకుండా చేస్తే వస్తుంది. చివరి నెల బేసిక్, డీఏ కలిపి, దాన్ని 26తో భాగించి, 15తో గుణించి, ఎన్నేళ్లు చేశారో ఆ అంకెతో గుణించాలి. బేసిక్, డీఏ కలిపి 26,000 ఉండి ఏడేళ్లు చేసినవాళ్లకు ఏడాదికి 15,000 చొప్పున 1,05,000 రూపాయలు. "ప్రైవేటు లెక్చరర్లకు గ్రాట్యుటీ ఎక్కడిది?" అని స్టాఫ్ రూముల్లో ఇప్పటికీ అంటుంటారు. ఉంది. 2009లో ఆ పాత చట్టాన్ని సవరించి 1997 ఏప్రిల్ 3 నుంచి వర్తించేలా టీచర్లను చేర్చారు, 2022లో సుప్రీంకోర్టు ఆ సవరణ చెల్లుతుందని చెప్పింది. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్‌లలో (కార్మిక చట్టాల్లో), గడువు పెట్టి తీసుకున్న ఫిక్స్‌డ్ టర్మ్ ఉద్యోగులకు ఏడాది పూర్తయినా గ్రాట్యుటీ ఇవ్వాలని ఉంది. మీ అపాయింట్‌మెంట్ ఆర్డర్ కాపీలో ఏమని రాసి ఉందో ఒకసారి తీసి చూడండి. అయిదేళ్లకు మూడు నాలుగు నెలలే తక్కువుంటే ఆగడం తెలివైన పని.

పీఎఫ్. మానగానే డ్రా చేసి బీరువా కొనడం మన అలవాటు. అయిదేళ్ల సర్వీసు నిండకుండా తీస్తే పన్ను పడుతుంది. అదే యూఏఎన్ (ఉద్యోగం మారినా మారని పీఎఫ్ నంబరు) కింద కొత్త చోటికి ట్రాన్స్‌ఫర్ చేసుకుంటే పాత సర్వీసు కలిసివస్తుంది. పీఎఫ్‌తోపాటు ఉండే పెన్షన్‌కి పదేళ్ల సర్వీసు కావాలి. ఎనిమిదేళ్లు, తొమ్మిదేళ్లు చేసినవాళ్లు ఆ పెన్షన్ సొమ్ము తీసేసుకుంటే మళ్లీ మొదటి నుంచి లెక్కే. తీయకుండా, పెన్షన్ సర్వీసు ఎంతో చూపే స్కీమ్ సర్టిఫికెట్ తీసుకుని పెట్టుకుంటే తర్వాతి ఉద్యోగంలో కలుపుకోవచ్చు.

ఆరోగ్య బీమా. జీతం 21,000 లోపు ఉండి ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) ఉన్నవాళ్లకు మానిన రోజే వైద్యం ఆగిపోదు. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా కట్టినదానికి వచ్చే జనవరి నుంచి జూన్ దాకా, అక్టోబర్ నుంచి మార్చి దాకా కట్టినదానికి జూలై నుంచి డిసెంబర్ దాకా హక్కు ఉంటుంది. కంపెనీ గ్రూప్ పాలసీ అలా కాదు, ఉద్యోగంతోపాటే పోతుంది. సొంత పాలసీ తీసుకుంటే అప్పటికే ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా వెయిటింగ్ పెట్టవచ్చు. షుగరున్న నాన్నకు పాలసీ ఉద్యోగంలో ఉండగానే మొదలుపెట్టండి.

ఇంకొకటి, ఒరిజినల్ సర్టిఫికెట్లు. కొన్ని కాలేజీలు, ఆస్పత్రులు చేరేటప్పుడే తీసుకుని బీరువాలో పెట్టేసుకుంటాయి. "బ్యాంకు పని ఉంది", "పాస్‌పోర్టుకి కావాలి", ఏదో ఒకటి చెప్పి మానే ఆలోచన బయటపెట్టక ముందే తెచ్చుకోండి. లౌక్యమే, కాదనను.

6. పది రోజులు సెలవు పెట్టి చూడండి

సీజన్ కాని నెలలో పది రోజులు. అరుణాచలమో తిరుపతో వెళ్లొద్దు. ఇంట్లోనే ఉండండి, మానేస్తే ఎలా ఉంటారో అలా. మొదటి రెండు మూడు రోజులు నిద్రకే సరిపోతాయి, వాటిని లెక్కలోకి తీసుకోకండి. అయిదో రోజు దాటాక ఏది గుర్తొస్తోందో చూడండి. బోర్డు ముందు నిలబడి ఆర్గానిక్ మెకానిజం బాణాలు గీయడం గుర్తొస్తోందా? లేక నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో పాత స్టూడెంట్ల నాన్నలు "నమస్తే సార్" అనడం గుర్తొస్తోందా? రెండోదైతే సిగ్గుపడక్కర్లేదు, అది కూడా జీతంలో భాగమే. కానీ అది పనిమీద ఇష్టం కాదు. రెండిటినీ కలిపి తూచకండి.

సెలవులో ఒక పూట పనికొచ్చే పనొకటి చేయండి. మీ "ప్రాణం" గంటలు బయట ఎక్కడైనా దొరుకుతాయా అని విచారించండి. లెక్చరర్లకు గెస్టు క్లాసులు, ఇంటి దగ్గర చిన్న బ్యాచ్. ఆక్వా టెక్నీషియన్లు కొందరు ఒక రైతు దగ్గర జీతానికి కాకుండా నాలుగైదు గుంటలకు కన్సల్టెంట్‌గా తిరుగుతారు. నిద్ర దక్కుతుంది, రొయ్యలకు తెల్లమచ్చ జబ్బు వచ్చి పంట పోతే మాత్రం రైతు ఫీజు ఇస్తాడన్న హామీ లేదు. బీఎస్సీ నర్సింగ్ చేసినవాళ్లకు పల్లె క్లినిక్కుల్లో మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్ పోస్టులు ఉంటాయి, పగటి పని. ఐసీయూ అంటే ప్రాణమైనవాళ్లకు అది చప్పగా అనిపించవచ్చు. వెళ్లి ఒకరోజు అక్కడ పనిచేసేవాళ్ల పక్కన కూర్చుని చూడండి.

7. ఇప్పుడు తేల్చండి

నోటుపుస్తకం, ఇంట్లోవాళ్లు చెప్పిన వేళలు, యాజమాన్యం జవాబు, డబ్బు లెక్క, సెలవులో గుర్తొచ్చినవి. ఇవన్నీ ఒకచోట పెట్టుకుని, గుర్తు పెట్టుకున్న తేదీన తాడోపేడో తేల్చండి. నేను వాడే కొలతలు ఇవి, చట్టమేమీ కాదు.

"ప్రాణం" గంటలు మొత్తంలో మూడోవంతు కూడా లేక, మీరడిగినవి కాదన్నారంటే మానండి. అక్కడ మీకు ఇష్టమైన ఉద్యోగం ఇప్పటికే లేదు, దాని పేరే మిగిలింది. నాకు జరిగింది ఇదే. టైము తినేది ఇష్టమైన పనే అయితే, పంచుకోవడానికి వాళ్లు ఒప్పుకుంటే ఉండండి. మా మాథ్స్ సారు సాయంత్రాలు వదిలించుకుని, జీతం కొంత తగ్గించుకుని ఉండిపోయాడు. ఇంట్లోవాళ్లు చెప్పిన వేళలు మీకు దక్కుతున్నాయంటే మిగతా గంటలు ఎక్కువైనా ఫర్వాలేదు, పద్నాలుగు గంటలు పనిచేసి సంతోషంగా ఉండేవాళ్లు లేకపోలేదు. అన్నీ సరిపోయి డబ్బు ఒక్కటే కుదరకపోతే "మానను" అని కాకుండా "ఫలానా నెలలో మానతాను" అని రాసుకోండి. నెల పేరు లేకపోతే అది ఇంకో అయిదేళ్లు సాగుతుంది.

అటూ ఇటూ సమానంగా తూగితే? ఉండండి, ఏడాది తర్వాత అదే నెలలో మళ్లీ ఈ లెక్క వేయండి. ఇష్టమైన పని రెండోసారి దొరకడం మన ఊళ్లలో అంత తేలిక కాదు.

8. మానేవాళ్లకు

బ్యాచ్ మధ్యలో, పంట మధ్యలో దిగిపోవద్దు. లెక్చరర్లయితే ఎంసెట్ అయ్యాక, టెక్నీషియన్లయితే పట్టుబడి (గుంటలో రొయ్యలు పట్టేయడం) అయ్యాక. ఒంగోలైనా నెల్లూరైనా రంగం చిన్నది, మేత డీలరు దగ్గరో బుక్ స్టాల్ దగ్గరో మీ పేరు మళ్లీ మళ్లీ వినబడుతుంది. ఆర్డర్‌లో నోటీసు ఎన్ని రోజులుందో చూసి, రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. కారణం దగ్గర "వ్యక్తిగత కారణాలు" చాలు, మనసులో ఉన్నదంతా కక్కాల్సిన చోటు రాజీనామా కాగితం కాదు. పై మనిషికి చెప్పకముందు తోటివాళ్లకు చెప్పకండి, టీ బంకు దగ్గర అసలే చెప్పకండి.

చేతిలోని పని అప్పగించేటప్పుడు ఒక పుస్తకం రాసివ్వండి. ఏ సెక్షన్‌లో ఎంతవరకు అయింది, ఏ పిల్లవాడికి ఏ చాప్టర్ రాదు, ఏ గుంటలో మేత ఎంత, ఏ ఎయిరేటర్ బేరింగ్ శబ్దం చేస్తోంది. పిల్లలకో రైతుకో మీరివ్వాల్సింది ఆ పుస్తకమే, సెండాఫ్ ఫొటో కాదు.

వచ్చేటప్పుడు రిలీవింగ్ లెటర్, ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్, చివరి మూడు నెలల పే స్లిప్పులు చేతిలో ఉండాలి. గ్రాట్యుటీకి మీరే దరఖాస్తు పెట్టండి, ముప్పై రోజుల్లో చెల్లించాలి, ఆలస్యమైతే వడ్డీ కూడా ఇవ్వాలి. పీఎఫ్ ఖాతాలో మీరు మానిన తేదీ వేయాల్సింది యాజమాన్యమే. వాళ్లు నాన్చుతుంటే, చివరి చందా పడిన రెండు నెలలకు ఈపీఎఫ్ఓ పోర్టల్‌లో "మార్క్ ఎగ్జిట్" దగ్గర మీరే ఆ తేదీ వేసుకోవచ్చు. దానికి ఆధార్‌కు లింకైన ఫోన్ నంబరు ఉండాలి, కాలేజీ ఇచ్చిన సిమ్ అయితే తిరిగిచ్చేముందే మార్చుకోండి.